సీఎంసీ గొలుసులో ఖాళీలెక్కడ? ఎంజైమ్‌తో వెతకడం

నల్లగొండ జిన్నింగ్ మిల్లులో దూది తీశాక కూడా పత్తి గింజను సన్నటి నూగు అంటిపెట్టుకునే ఉంటుంది. సెల్యులోజ్ అంటే గ్లూకోజ్‌ల గొలుసు. దానికి కార్బాక్సీమిథైల్ గుంపులు తగిలిస్తే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, అంటే సీఎంసీ. దానికి అలాంటి నూగో చెక్క గుజ్జో ముడిసరుకు. డబ్బా మీద డీఎస్ (డిగ్రీ ఆఫ్ సబ్‌స్టిట్యూషన్) 0.7 అని ఉంటుంది. ఒక్కో గ్లూకోజ్‌కున్న మూడు హైడ్రాక్సిల్ (ఓహెచ్) గుంపులలో సగటున 0.7 అలా మారాయని అర్థం. మూడింటికీ సమాన అవకాశమనుకుంటే వందలో 45 గ్లూకోజ్‌లు మారకుండానే మిగులుతాయి. వరుసగా మూడు గ్లూకోజ్‌లు అలా ఖాళీగా దొరికే చోట్లు దాదాపు 9 శాతమే. మార్పులు గుంపులుగా జరిగితే ఖాళీ వరుసలు ఇంకా ఎక్కువ. డీఎస్ మాత్రం అదే 0.7! గొలుసును నడుమ కోసే ఎంజైమ్ ఎండోగ్లూకనేజ్ ఆ ఖాళీ వరుసల దగ్గరే కోస్తుంది కాబట్టే వాటిని వెతకడానికి పనికొస్తుంది.

50 మిల్లీమోలార్ అసిటేట్ బఫర్, పీహెచ్ 5.0. అందులో 1 శాతం సీఎంసీ. గటకలో రవ్వ పోసినట్టు, తిప్పుతూ కొంచెం కొంచెం చల్లాలి. ఒక్కసారే కుమ్మరిస్తే ఉండలు కడుతుంది, లోపలి పొడి తడవనే తడవదు. బోరు నీళ్లు వద్దు. కాల్షియం చిక్కదనాన్ని మార్చేస్తుంది. ఎండోగ్లూకనేజ్ బదులు చౌక సెల్యులేజ్ (ఎంజైమ్‌ల మిశ్రమం) కూడా వద్దు. అందులోని బీటా గ్లూకోసిడేజ్ చిన్న ముక్కలను మళ్లీ నరికి లెక్క పెంచేస్తుంది.

ఎంజైమ్ కలిపి 40 డిగ్రీల దగ్గర ఉంచి, విడతలవారీగా 1 మి.లీ. తీసి, 3 మి.లీ. డీఎన్‌ఎస్ (కోతతో ఏర్పడే చక్కెర కొనలతో రంగు మారే రసాయనం) కలిపి, 5 నిమిషాలు మరిగించి, చల్లార్చి 540 నానోమీటర్ల కాంతి దగ్గర రంగు ఎంతుందో చదవాలి. పొడవు ముక్కలు గ్లూకోజ్ కన్నా ఎక్కువ రంగునిస్తాయి, కాబట్టి ఆ అంకెను పోలికకే వాడటం మేలు. రీడింగ్ పెరగడం ఆగిందంటే కోసే చోట్లు అయిపోయాయని నమ్మేయొద్దు, ఎంజైమే చచ్చి ఉండొచ్చు. తాజా ఎంజైమ్ వేసి చూడండి. మళ్లీ పెరిగితే మొదటి లెక్క చెల్లదు.

చిక్కదనం పడిపోవడం ఇంకా ముందే కనిపిస్తుంది, గొలుసు నడుమ రెండు కోతలు చాలు. కానీ మే నెలలో గది 42 డిగ్రీలుంటే కూలర్ లేని వాటర్‌బాత్ 40కి దిగదు. వేడికే ద్రావణం పల్చబడుతుంది. పక్కన ఎంజైమ్ లేని గొట్టం పెట్టకపోతే ఆ పల్చదనాన్ని కోతగా లెక్కేస్తాం.

సీఎంసీ బదులు మిథైల్ సెల్యులోజ్ (మిథైల్ గుంపులు తగిలించిన సెల్యులోజ్) తీసుకుంటే తంటా వేరు. చాలా రకాలు 50-60 డిగ్రీల దగ్గరే జెల్ అవుతాయి. ఎంజైమ్‌ను ఆపడానికి మరిగిస్తే గొట్టమంతా తెల్లగా గడ్డకడుతుంది. పారేయకండి, ఐసులో పెట్టి కలిపితే మళ్లీ కరుగుతుంది. ఆ తర్వాతే వడకట్టాలి.