బుసాకు కొండ మీద, పీపాలో పెరిగిన తెల్ల వైన్

కొయింబ్రాలో పని ముగిసేసరికి నా చేతిలో ఇంకా రెండు రోజులున్నాయి. పోర్చుగల్ వెళ్ళినవాళ్ళు సాధారణంగా పోర్తో నగరానికీ, దోరు నది లోయకూ పరుగెడతారు. నేను మాత్రం కొయింబ్రాకు ఉత్తరాన, ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్న బుసాకు కొండకు బయలుదేరాను. కారణం ఒక తెల్ల వైన్. దశాబ్దాల పాటు దాన్ని తయారుచేసినవాళ్ళు తమ హోటళ్ళలో తప్ప మరెక్కడా అమ్మలేదని ఎప్పుడో చదివాను. రుచి చూడాలంటే కొండ ఎక్కాల్సిందే. ఆ పట్టుదల నాకు నచ్చింది.

బస్సు లూజు అనే ఊళ్ళో దింపింది. ఇక్కడి ఊటనీరు పోర్చుగల్ అంతటా సీసాల్లో దొరుకుతుంది. ఊరివాళ్ళు క్యాన్లు పట్టుకుని ఊట దగ్గర వరుసలో నిలబడ్డారు. నేనూ నా సీసా నింపుకుని అడవి దారి పట్టాను. అక్టోబరు వాన సన్నగా పడుతోంది.

నూరు హెక్టార్లకు కాస్త పైనుండే ఈ అడవి చుట్టూ రాతిగోడ ఉంటుంది. 1628లో కార్మలైట్ అనే కేథలిక్ శాఖ సన్యాసులు ఇక్కడికి వచ్చి మఠం కట్టుకుని, గోడ లేపి, లోపల చెట్లు పెంచారు. ఇక్కడి చెట్టు నరికినవాడికి మతబహిష్కారమే శిక్ష అని 1643లో పోపు జారీ చేసిన శాసనం ఈ గోడకున్న కొయింబ్రా ద్వారం దగ్గర రాతి మీద చెక్కి ఉంది. ఆ రాయి ముందు చాలాసేపు నిలబడ్డాను. చెట్టుకు అంతటి రక్షణ దొరికిన చోట అడవి ఎలా ఉంటుందో లోపలికి నడిస్తేనే అర్థమవుతుంది. మెక్సికో నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన దేవదారు లాంటి చెట్లు, మనిషి ఎత్తు దాటిన ఫెర్న్ మొక్కలు, మెట్ల మీదుగా జారే నీటి చప్పుడు. దారిలో నాకు ఎదురైన మనుషులు నలుగురే.

చెట్ల మధ్య నుంచి హఠాత్తుగా రాజభవనం కనిపిస్తుంది. 1888లో మొదలుపెట్టి 1907 నాటికి ముగించారు. రూపకల్పన చేసిన లుయీజీ మనీనీ రంగస్థలానికి తెరలు చిత్రించిన ఇటలీ కళాకారుడు. ఆ సంగతి గోడలే చెబుతాయి. తాళ్ళు, ముడులు, గోళాలు, లతలు చెక్కని చోటంటూ లేదు. లోపల నీలి పింగాణీ పలకల మీద జార్జి కొలాసు చిత్రించిన యుద్ధాలు, సముద్రయాత్రలు. 1910లో రాచరికమే పోయింది, భవనం హోటల్‌గా మిగిలింది. నిజం చెప్పాలంటే, నా మనసు దాని పక్కనే నక్కి ఉన్న పాత మఠం దగ్గరే ఆగిపోయింది. చలి, చప్పుడు లోపలికి రాకుండా సన్యాసులు తలుపులకు బెరడు తొడిగారు. సీసా బిరడాలు చేసే బెరడే అది.

1917లో హోటల్ నిర్వహణ చేపట్టిన అలెషాండ్రే ద అల్మైదా హయాంలో ఇక్కడి వైన్లు మొదలయ్యాయి. సాయంత్రం హోటల్ ఉద్యోగి ఒకరు నన్ను నేలమాళిగకు తీసుకెళ్ళారు. తడి రాయి వాసన, పాత చెక్క వాసన. సీసాల మీద దుమ్ము. ఆయన ఒక పెద్ద చెక్క పాత్ర మీద అరచేయి ఆనించి "పీపా" అన్నారు. నేను ఉలిక్కిపడ్డాను. మా ఊళ్ళో నూనె పీపా, తారు పీపా అంటూ వాడే మాట. పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన రేవులకు చేరిన మాటని తెలుసు. తువ్వాలు, అలమారా, మేస్త్రీ కూడా అలా వచ్చినవే. కానీ ఆ మాట పుట్టిన దేశంలో, అది చెందిన వస్తువు మీద చేయి వేసి చెబుతుంటే వినడం వేరు. మా భాషలోనూ అదే మాట అని చెప్పాను. ఆయన మరోసారి అనమన్నారు. అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

తెల్ల వైన్ అంటే చల్లగా, పుల్లగా, ఏడాది రెండేళ్ళలో తాగేయాల్సిందని అనుకునేదాన్ని. ఓక్ పీపాలో పెంచితే దాని నడకే మారుతుంది. చెక్క రంధ్రాల గుండా గాలి అతి నెమ్మదిగా లోపలికి వెళ్ళి వైన్‌ను పండిస్తుంది. కొంత ఆవిరై పోతుంది, పోయినంత మళ్ళీ నింపుతారు. అడుగున చేరిన ఈస్టు మడ్డిని కర్రతో కదిపే పద్ధతీ ఉంది. మూడోనాడు ఆవకాయ తిరగకలిపినట్టే. ఆ మడ్డి వల్లే వైన్‌కు చిక్కదనం వస్తుంది. ఇంత కాలం తట్టుకోవాలంటే మాత్రం ద్రాక్షలో ముందే పులుపు గట్టిగా ఉండాలి.

ఆ పులుపు ఇక్కడ బికాల్ ద్రాక్ష ఇస్తుంది. మరియా గోమిష్ సువాసన ఇస్తుంది. ఈ రెండూ కొండకు పడమర, సముద్రపు గాలి తగిలే బైరాదా ప్రాంతానివి. మూడోది ఎంక్రుజాదు, తూర్పున గ్రానైటు నేలల దావ్ ప్రాంతపు ద్రాక్ష. ఒక్కటే ప్రాంతం పేరు పెట్టుకోవాలంటే ద్రాక్ష అంతా అక్కడిదే కావాలి. రెండు ప్రాంతాలనూ కలుపుకున్న ఈ వైన్‌కు కొండ పేరే పేరు. మ్యాపు మీది గీత కోసం రుచిని వదులుకోని ఆ నిర్ణయం సరైనదని నా గట్టి నమ్మకం.

రాత్రి భోజనంలో ఒక గ్లాసు తెప్పించుకున్నాను. పక్క ఊరు మెయల్యాదాకు పేరు తెచ్చిన కాల్చిన పందిపిల్ల మాంసం కూడా వచ్చింది. వైన్ రంగు లేత బంగారం. మొదటి గుక్కకు చల్లదనం తప్ప ఏమీ తెలియలేదు. పావుగంట ఆగాక తేనెమైనం, కాల్చిన బాదం, నిమ్మతొక్క ఒకదాని వెనుక ఒకటి పలికాయి. చివర్లో ఉప్పదనం లాంటిది నాలుక మీద నిలిచింది. కొవ్వున్న మాంసం తిన్న ప్రతిసారీ ఆ పులుపు నోటిని కడిగేసింది. ఆ ఒక్క గ్లాసుతో గంటన్నర కూర్చున్నాను.

మర్నాడు వాన తెరిపి ఇచ్చింది. దాదాపు 550 మీటర్ల ఎత్తున్న క్రుష్ ఆల్తా శిఖరానికి నడిచాను. పడమర చదును నేలలు, వాటి చివర సన్నటి వెండి గీతలా అట్లాంటిక్. తూర్పున ఒకదాని వెనుక ఒకటిగా కొండలు. రాత్రి గ్లాసులో కలిసిన రెండు నేలలూ అటూ ఇటూ కనిపించాయి. 1810 సెప్టెంబరు 27న ఇదే కొండవరుస మీద బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ సేన నెపోలియన్ సైన్యాన్ని ఆపింది. అంతకు పదకొండేళ్ళ ముందు, టిప్పు సుల్తాను మీదికి శ్రీరంగపట్నం వెళ్ళిన హైదరాబాద్ నిజాం సేనకు నాయకత్వం వహించినదీ ఆయనే. మా నగరం నుంచి ఈ కొండకు నాకంటే ముందే ఒక దారి ఉందన్నమాట.

దిగేముందు ఒక సీసా కొన్నాను. తువ్వాలులో రెండు చుట్లు చుట్టి పెట్టె మధ్యలో పెట్టాను. ఇప్పుడది హైదరాబాద్‌లో మా అలమారా కింది అరలో, చీకట్లో, అడ్డంగా పడుకుని ఉంది. ఎండలు ముదరకముందే తెరవాలి.