సెయింట్ ఆండ్రూస్‌లో నాలుగు రోజులు: బంతిని నేల మీద నడిపించడం

ఎడిన్‌బరోలో రైలెక్కితే గంటలో లూకర్స్ వస్తుంది. స్టేషన్ బయటే బస్సు దొరుకుతుంది, పావుగంటలో స్కాట్లండ్‌లో గోల్ఫ్‌కి పేరుపడ్డ ఊరు సెయింట్ ఆండ్రూస్‌లో దింపేస్తుంది. మేము దిగింది ఆదివారం. ఆ రోజు అక్కడి ప్రసిద్ధ గోల్ఫ్ మైదానం ఓల్డ్ కోర్సులో ఆట ఉండదు. ఊరి జనం కుక్కల్ని వెంటేసుకుని ఫెయిర్‌వేల మీద, అంటే బంతి కొట్టుకుంటూ పోయే గడ్డి దారుల మీద, తిరుగుతుంటారు. మొదటిసారి ఆడబోయేవాళ్లకి ఇంతకన్నా మంచి రోజు లేదు. క్లబ్బులు (బంతి కొట్టే కర్రలు) గదిలో పడేసి పద్దెనిమిదో గ్రీన్ (హోల్ అనే గుంట ఉండే నున్నటి గడ్డి) నుంచి మొదలుపెట్టి, ఆటకి ఎదురు దిశలో, గ్రీన్ నుంచి టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) వైపుకి నడుచుకుంటూ పోయాం. ఇక్కడ 112 బంకర్లు (ఇసుక గుంతలు) ఉన్నాయి, వాటిలో చాలావరకు టీ మీద నుంచి కంటికి ఆనవు. ఒకప్పుడు ఈ కోర్సుని ఇదే ఎదురు దిశలో ఆడేవాళ్లు. అలా నడిస్తేనే కొన్ని బంకర్లు అక్కడ ఎందుకున్నాయో అర్థమవుతుంది.

మూడో ఫెయిర్‌వే మీద ఆగి మడమతో గట్టిగా నొక్కి చూశాను. దిగలేదు. సన్నటి ఫెస్క్యూ గడ్డి, దాని కింద ఇసుక నేల. వాన పడ్డా నీళ్లు నిలవవు. మన గోల్కొండ దగ్గరి హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లోనో, గచ్చిబౌలిలోనో గాల్లోకి లేపి గ్రీన్ మీద దింపే షాట్‌కి అలవాటు పడ్డ చెయ్యి ఇక్కడ మోసపోతుంది. బంతి పడ్డచోట ఆగదు, ఇరవై గజాలు పరుగెడుతుంది. అందుకే ఈ ఊరికి ఎవరు వెళ్లినా డ్రైవర్ (దూరం కొట్టే క్లబ్) తీయకముందు పటర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్) తీయమని చెబుతాను.

దానికి సరైన చోటు ఓల్డ్ కోర్సు పక్కనే ఉంది. దాని పేరు హిమాలయాస్. 1867లో మొదలైన ఆడవాళ్ల పటింగ్ క్లబ్‌ది ఆ మైదానం. కొద్ది పౌండ్లు కడితే ఎవరైనా ఆడొచ్చు. పటరూ బంతీ వాళ్లే ఇస్తారు. గట్లూ గుంతలతో అలలు అలలుగా ఉంటుంది, మోకాలెత్తు మిట్టలెక్కి దిగాలి. సోమవారం పొద్దున్నంతా అక్కడే ఉన్నాం. చాలామంది అమెచ్యూర్లు లైన్, అంటే బంతి పోయే దిశ, చూసుకోవడంలో పడి వేగం మరిచిపోతారు. ఇరవై అంగల పట్‌లో (పటర్‌తో కొట్టే దెబ్బలో) లైన్ తప్పితే రెండడుగులు పక్కకి పోతుందేమో, వేగం తప్పితే మాత్రం పది అడుగులు ముందే ఆగిపోతుంది, లేదా దాటిపోతుంది. మూడు పట్‌లు అక్కడే పుడతాయి.

దీనికి సాధన ఇలా చేయాలి. ఐదు, పది, పదిహేను, ఇరవై అంగల దగ్గర ఒక్కో టీ పుల్ల (బంతిని నిలబెట్టేది) గుచ్చండి. హోల్ చుట్టూ మూడడుగుల వలయం ఉందనుకోండి, గురి ఆ వలయమే. కొట్టే ముందు రెండుసార్లు ఉత్త ఊపు ఊపండి, అప్పుడు చూపు బంతి మీద కాక హోల్ మీద ఉండాలి. చేతికి దూరం చెప్పేది కన్నే. దూరం పెరిగేకొద్దీ ఊపు పొడవు పెరగాలి గానీ లయ మారకూడదు. వెనక్కి కొంచెమే తీసి ముందుకి జెర్క్ ఇస్తే మణికట్టు వంగిపోతుంది, బంతి ఒకసారి చాలకా ఒకసారి ఎక్కువా పోతుంది. అలాగే వెనక్కి బాగా తీసి, భయపడి బంతి దగ్గర నెమ్మది చేసినా తప్పే. ఇంటికొచ్చాక వారానికి రెండుసార్లు, ఒక్కో దూరం నుంచి ఐదేసి బంతులు, ఇరవైకి ఎన్ని వలయంలో ఆగాయో రాసుకోండి. ఆ అంకె పెరుగుతుంటే స్కోరు తగ్గుతున్నట్టే.

ఓల్డ్ కోర్సు టైమ్ కోసం ముందే నెలల తరబడి బుక్ చేసుకోలేనివాళ్లకి బ్యాలట్ అనే లాటరీ ఉంది. ఎల్లుండి ఆటకి ఇవాళ మధ్యాహ్నం రెండులోపు పేర్లివ్వాలి, కనీసం ఇద్దరు, గరిష్ఠంగా నలుగురు. సాయంత్రానికి జాబితా వస్తుంది. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) 36 దాటకూడదు, సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవాలి. సోమవారం పేర్లిస్తే బుధవారానికి తగిలింది. తగలకపోయినా బాధ పడక్కర్లేదు, 1895 నాటి న్యూ కోర్సు పక్కనే ఉంది, నేల అదే, గాలి అదే. మంగళవారం దాని మీద ఒకే ఒక్క షాట్ పదేపదే ఆడి చూశాం: బంప్ అండ్ రన్, అంటే బంతిని కాస్త లేపి మిగతా దూరం దొర్లించడం.

గ్రీన్ అంచు నుంచి పది గజాల అవతల బంతి ఉంది, మధ్యలో బంకర్ లేదు. శాండ్ వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపే క్లబ్) తీయాలనిపిస్తుంది. వద్దు. దాని అడుగున ఉబ్బు ఎక్కువ. మెత్తటి గడ్డిలో అది సాయం చేస్తుంది గానీ, గట్టి నేలని తాకగానే ఎగిరి, అంచు బంతి నడుముకి తగిలి గ్రీన్ అవతలికి కొడుతుంది. ఎనిమిదో ఐరన్ (బంతిని అంత ఎత్తు లేపని క్లబ్) తీసుకోండి. గ్రిప్‌ని అంగుళంన్నర కిందికి పట్టుకోండి. పాదాలు దగ్గరగా, బంతి మధ్యకి కాస్త వెనక, బరువులో అరవై శాతం ముందుకాలి మీద. మణికట్టు కదపకుండా పట్ చేసినట్టే ఊపండి. బంతి పావు వంతు గాల్లో, ముప్పావు వంతు నేల మీద పోతుంది. హోల్ 24 అంగల దూరంలో ఉంటే ఆరో అంగ దగ్గర పడాలి. చూపు హోల్ మీద కాదు, ఆ పడే చోటు మీద. ఈ రెంటికీ మధ్యది పిచింగ్ వెడ్జ్, దానితో అయితే గాల్లో సగం, నేల మీద సగం. ఇవి ఉజ్జాయింపు లెక్కలే, ఎత్తూ పల్లం చూసి సవరించుకోవాలి. మెత్తటి గ్రీన్‌ల మీద పరుగు తగ్గుతుంది కాబట్టి మీ కోర్సులో మీ లెక్క మీరే కట్టుకోండి.

బుధవారం ఓల్డ్ కోర్సులో ఎదురుగాలి. విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సు మీద ఆడినవాళ్లకి సముద్రపు గాలి కొత్త కాదు, ఇక్కడ అది చల్లగా, వదలకుండా కొడుతుంది. ఎదురుగాలికి గట్టిగా కొట్టడమే అందరూ చేసే తప్పు. గట్టిగా కొడితే వెనక్కి తిరిగే స్పిన్ పెరుగుతుంది, బంతి పైకి లేచి అక్కడే నిలబడిపోతుంది. గాలి వేగం గంటకి పది మైళ్లుంటే దూరానికి పది శాతం కలుపుకోండి: 150 గజాలని 165 అనుకుని పెద్ద క్లబ్ తీసి, ముప్పావు ఊపుతో నిదానంగా కొట్టండి. వెనకగాలి అంత సాయం చేయదు, దానికి అందులో సగం, ఐదు శాతమే తీసేయాలి.

ఇక్కడ ఏడు గ్రీన్‌లు జంట గ్రీన్‌లు, ఒక్కో దాని మీద రెండు హోల్స్. రెండోదీ పదహారోదీ, మూడోదీ పదిహేనోదీ, అలా ఏ జంట కలిపినా పద్దెనిమిదే. వెళ్లేటప్పుడు తెల్ల జెండా, తిరిగొచ్చేటప్పుడు ఎర్ర జెండా. ఐదూ పదమూడూ కలిసిన గ్రీన్ ముప్పావు ఎకరం పైమాటే. గ్రీన్ మీదకి చేరామన్న సంతోషంలో చూస్తే హోల్ నలభై అంగల దూరంలో ఉంటుంది. సోమవారం హిమాలయాస్‌లో చేసిన సాధనంతా ఇక్కడ అక్కరకొచ్చింది.

బంకర్ల గురించి క్యాడీ (క్లబ్బులు మోస్తూ సలహా చెప్పేవాడు) చెప్పింది ఒక్కటే మాట: ఎడమ పక్కకి ఆడండి, కుడి పక్క ముళ్లపొదలు. 2000లో టైగర్ వుడ్స్ ఇక్కడ ఓపెన్ ఛాంపియన్‌షిప్‌ని 19 అండర్‌తో (నిర్ణీత స్కోరు కన్నా 19 దెబ్బలు తక్కువతో) గెలిచినప్పుడు నాలుగు రోజుల్లో ఒక్క బంకర్‌లోనూ పడలేదు. పడితే ఏమవుతుందో 1978లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా చూపించాడు. పదిహేడో హోల్‌లో రెండు షాట్లకే గ్రీన్ చేరాడు. పట్ కొడితే వాలు మీద జారి గ్రీన్ పక్కనున్న రోడ్ బంకర్‌లో పడింది. బయటికి తీయడానికి నాలుగు దెబ్బలు, మొత్తం తొమ్మిది. గడ్డి పెళ్లలు ఇటుకల్లా పేర్చి కట్టిన గోడ అది, దాదాపు నిటారుగా ఉంటుంది. అందులోంచి తీయాలంటే, ముందు క్లబ్ ముఖం తెరిచి (పైకి తిప్పి), ఆ తర్వాత గ్రిప్ పట్టుకోవాలి. పట్టుకున్నాక తిప్పితే బంతి దగ్గరికొచ్చేసరికి ముఖం మూసుకుపోతుంది. పాదాలు ఇసుకలో కూరి, బంతికి రెండంగుళాల వెనక ఇసుకని కొట్టి, ఊపు పూర్తి చేయాలి. మధ్యలో ఆపేస్తే బంతి అక్కడే ఉంటుంది. గోడకి ఆనుకుని ఉంటే జెండా వైపు చూడొద్దు, పక్కకో వెనక్కో ఆడేయండి. అదీ కుదరకపోతే రెండు పెనాల్టీ స్ట్రోకులు వేసుకుని, జెండానీ బంతినీ కలిపే గీత మీద బంకర్ వెనక బయట డ్రాప్ చేయొచ్చు (బంతిని చేత్తో వదలొచ్చు). 2019 నుంచి రూల్ ఒప్పుకుంటోంది. ఆ రెండు స్ట్రోకులు నాలుగు దెబ్బల కన్నా చౌక.

పద్దెనిమిదో గ్రీన్ ముందు వ్యాలీ ఆఫ్ సిన్ అనే పల్లం ఉంది. 1995 ఓపెన్‌లో కోస్టాంటినో రోకా ఇక్కడే మొదట చిప్ చేయబోయి (బంతిని కొద్దిగా లేపి కొట్టబోయి) దాన్ని పాడుచేసుకుని, ఆ తర్వాత పల్లంలోంచి పటర్‌తోనే బంతిని హోల్‌లో వేసి, స్కోరు సమమైనవాళ్ల మధ్య జరిగే ప్లేఆఫ్‌కి వెళ్లాడు. మా బంతీ ఆ పల్లంలోనే ఆగింది. వెడ్జ్ మీదకి పోబోయిన చేతిని ఆపి క్యాడీ పటర్ అందించాడు. పదహారు అంగలు, మధ్యలో ఎక్కుడు. ఇరవై రెండు అంగలనుకుని, హోల్‌ని చూస్తూ రెండుసార్లు ఊపి కొట్టాను. బంతి గట్టెక్కి, పైన నెమ్మదించి, హోల్‌కి రెండడుగుల ఇవతల ఆగింది.