తోలుబొమ్మగా సైడక్: పని ఎక్కడిదాకా వచ్చిందంటే

పోకెమాన్ వీడియో గేముల్లో ఉండే బాతులాంటి జీవి సైడక్‌ను తోలుబొమ్మగా చేస్తున్నాను. తల, ఒళ్లు, చేతులు, కాళ్లు కత్తిరించి రంగులు వేయడం అయిపోయింది. కీళ్లు కట్టి తెర మీద ఆడించి కూడా చూశాను. తోక ఒక్కటే మిగిలింది. గేముల్లోని పాత్రలను తోలుబొమ్మలుగా చేయాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇప్పటిదాకా చేసింది రాసిపెడుతున్నాను.

సైడక్ 1996లో వచ్చిన మొదటి పోకెమాన్ గేముల నుంచే ఉంది. గేములోని జీవుల (వాటినే పోకెమాన్‌లంటారు) జాబితా అయిన పోకెడెక్స్‌లో 54వ నంబరు. పసుపు ఒళ్లు, లేత గోధుమరంగు ముక్కు, నెత్తిన మూడు నల్ల వెంట్రుకలు. దానికి ఎప్పుడూ తలనొప్పే, అందుకే రెండు చేతులతో తల పట్టుకుని నిలబడుతుంది. నొప్పి బాగా ముదిరినప్పుడే దాని మానసిక శక్తి బయటికొస్తుంది, ఆ తర్వాత ఏం చేసిందో దానికే గుర్తుండదు. నీటి పోకెమాన్ అయినా, టీవీ కార్టూన్‌లో మిస్టీ అనే అమ్మాయి దగ్గరుండే సైడక్‌కు ఈత కూడా రాదు.

తోలుబొమ్మకు ముఖంలో భావం మారదు. మార్చగలిగేది చేతులు, తల వంపు, తెరకూ బొమ్మకూ మధ్య దూరం. సైడక్ బాధంతా చేతుల్లోనే కనిపిస్తుంది కాబట్టి తోలుబొమ్మకు ఇంతగా సరిపోయే పోకెమాన్ ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

మేముండేది అనంతపురంలో. మేక చర్మం నిమ్మలకుంట నుంచి తెచ్చుకున్నాను. 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. 2022లో జిల్లాలు విడదీశాక నిమ్మలకుంట శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, తోలుబొమ్మలంటే మాకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది అదే. అక్కడ శుభ్రం చేసి, వెంట్రుకలు తీసి, గీకి ఆరబెట్టిన చర్మం దొరుకుతుంది. కొనేటప్పుడు ఎండకేసి పట్టి చూడండి. వెలుతురు అంతటా ఒకేలా దిగుతున్న భాగాన్ని తలకు, ఒంటికి ఉంచుకోవాలి. మెడ దగ్గరి మందపాటి ముక్కలు కాళ్లకు చాలు.

గేములో సైడక్ ఎత్తు 80 సెంటీమీటర్లు. మన పాత బొమ్మల్లో మనిషెత్తువి కూడా ఉన్నాయి కాబట్టి 80 పెద్ద లెక్కేం కాదు. కానీ మొదటి బొమ్మ కదా, సగానికి, అంటే 40కి గీసుకున్నాను. ముక్కు పక్కకు తిరిగి ఉంటుంది, కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నట్టు పూర్తి గుండ్రంగా ఉంటుంది. తోలుబొమ్మల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే ఇది. సైడక్ అయోమయపు చూపుకు బాగా కుదిరింది.

కన్ను దగ్గర చాలాసేపు ఆలోచించాల్సి వచ్చింది. పెద్ద తెల్ల గుండ్రం, మధ్యలో చిన్న నల్ల చుక్క. తెల్లభాగాన్ని కోసి తీసేస్తే చుక్క నిలవదు. అందుకని అక్కడ చర్మాన్ని అలాగే ఉంచి, రంగు వేయకుండా, చుక్క ఒక్కటే నల్ల ఇంకుతో రెండు వైపులా దిద్దాను. వెంట్రుకలకూ ఇదే ఉపాయం. అంత సన్నగా చర్మాన్ని కోస్తే విరిగిపోతుంది. నెత్తి మీద విసనకర్ర ఆకారంలో కొంచెం చర్మం వదిలి, దాని మీద మూడు నల్ల గీతలు గీశాను. తెర మీద గీతలే కనబడతాయి. చుట్టూ ఉన్న చర్మం అంచు లేతగా పడుతుంది, దూరం నుంచి తెలియదు.

రంగుల విషయంలో ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పోస్టర్ కలర్, ఫ్యాబ్రిక్ పెయింట్ వెలుతురును ఆపేస్తాయి, పసుపు కాస్తా తెర మీద నల్లగా తేలుతుంది. చర్మంలోకి ఇంకిపోయే పల్చటి ఇంకులే కావాలి. మిగిలిన ముక్కల మీద ఒక పూత, రెండు పూతలు, మూడు పూతలు వేసి బల్బు ముందు పెట్టి చూస్తే, రెండు వైపులా ఒక్కో పూత వేసిందే అసలైన సైడక్ పసుపులా కనిపించింది. ముక్కుకు, పాదాలకు పూత అక్కర్లేదు. చర్మం సొంత రంగే సరిపోయింది.

తడి తగిలితే చర్మం ముడుచుకుంటుంది. మా ఊరి గాలిలో తేమ తక్కువ, ఇంకు తొందరగా ఆరుతుంది గానీ అంచులు అంతే తొందరగా పైకి లేస్తాయి. పూర్తిగా ఆరకముందే రెండు న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయాలి. ఫ్యాన్ కింద పెట్టొద్దు.

మన తోలుబొమ్మల అందమంతా నగల్లో, చీరల అంచుల్లో కొట్టే రంధ్రాలదే. సైడక్ ఒంటి మీద నగ లేదు, గుడ్డ లేదు. అందం కోసమని పొట్ట నిండా రంధ్రాలు కొడితే అది సైడక్ కాకుండా పోతుంది. అందుకే చేతుల అంచు వెంట ఒక వరస, కాలివేళ్ల మధ్య పొరల దగ్గర రెండేసి గీతలు, అంతే. చేయి ఒంటి మీద పడినచోట రెండు పొరలు కలిసి రంగు ముదురుతుంది. ఆ ముదురులో రంధ్రాల వరస లేత పసుపు చుక్కలుగా మెరుస్తూ చేతిని విడిగా చూపిస్తుంది.

కీళ్లు భుజానికి ఒకటి, మోచేతికి ఒకటి. రంధ్రంలోంచి దారం తీసి రెండు వైపులా ముడి వేయాలి. ముడికీ చర్మానికీ మధ్య చిన్న తోలు బిళ్ల పెడితే రంధ్రం చిరగదు. బిగించి కడితే చేయి తిరగదు, మరీ వదులైతే వేలాడుతుంది. చేతిని తల దగ్గర పెట్టి వదిలినప్పుడు మెల్లగా జారాలి, అదీ కొలత. నడుముకు చీల్చిన వెదురు బద్ద, చేతులకు సన్న పుల్లలు.

తెరకు తెల్ల పంచె బిగించి కట్టాను. ట్యూబ్‌లైట్‌తో అంచులు అలికినట్టు వచ్చాయి. ఒక్క చిన్న ఎల్‌ఈడీ బల్బు పెడితే గీత గీతా తేలింది. బొమ్మను తెరకు ఆనిస్తే సైడక్ మామూలుగా నిలబడి ఉంటుంది. మెల్లగా బల్బు వైపు వెనక్కి లాగితే నీడ పెద్దదై, అంచులు చెదిరి, తలనొప్పి పెరుగుతున్నట్టే ఉంటుంది. అప్పుడు ఒక్కసారిగా తెరకు కొట్టి చేతులు రెండూ పైకి లేపాలి. శక్తి బయటపడే క్షణం ఇలా దొరికినప్పుడు నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. రంగు బల్బులు, పొగలు ఏమీ అక్కర్లేదు.

మా అక్క కూతురు మాత్రం ఒప్పుకోలేదు. "మామా, చేతులు తల మీద్నుంచి తీయాకు. తీస్తే సైడక్ ఎట్లయితాది?" అంది. ఆ పిల్లకు ఈ గేములు నాకన్నా బాగా తెలుసు. ఆమె మాట విన్నాక చేతులు లేపడం ఆటలో ఒక్కసారికే పరిమితం చేశాను. మిగతా అంతా తల మీదే. నిజంగానే ఆ ఒక్కసారికి బలం పెరిగింది.

తోకకు చిన్న ముక్క వేరుగా కోసి ఒకే ముడితో కడతాను, నడిచేటప్పుడు దానంతటదే ఊగాలి. ఆ తర్వాత గోల్డక్. గేములో సైడక్ 33వ లెవెల్‌లో గోల్డక్ అవుతుంది, ఎత్తు 1.7 మీటర్లు. సగానికి గీసినా 85 సెంటీమీటర్లు. నీలం ఇంకు పసుపు కన్నా వెలుతురును ఎక్కువగా ఆపుతుంది కాబట్టి ఈసారి బాగా పల్చటి చర్మం చూసుకోవాలి. నుదుటి మీది ఎర్ర మణి చుట్టూ మాత్రం రంధ్రాలు ఎన్నయినా కొట్టొచ్చు.