క్లోజె వెనక్కి ఇచ్చిన గోల్

"ఎందుకు చెప్పలేదు?"

మా ఫోర్‌మన్ అడిగింది ఆ ఒక్క మాటే. అయితే పదిమంది ఎదుట, లేత్ యంత్రాల హోరును మించిన గొంతుతో అడిగాడు. నా చేతిలో కొలత చూసే మైక్రోమీటర్ ఉంది. ముందున్న ట్రేలో పన్నెండు ఉక్కు బుష్‌లు (గొట్టం లాంటి చిన్న భాగాలు), ఒక్కొక్కటి ఉండవలసిన కొలత కంటే 0.03 మిల్లీమీటర్లు ఎక్కువ. పనిముట్టు ఎక్కడ ఆగాలో యంత్రానికి చెప్పే అంకెను, అంటే ఆఫ్‌సెట్‌ను, తప్పుగా వేసింది నేనే. షిఫ్టు చివర్లో సరిచేద్దామని వాటిని పక్కన పెట్టాను. ఆయన కంటికి అది దాచడం.

విరామంలో ఆయనే కాఫీ తెచ్చి నా ముందు పెట్టాడు. "మా క్లోజె గోల్‌నే వెనక్కి ఇచ్చేశాడు, తెలుసా?" అన్నాడు. జర్మనీలోని ఈ కైజర్స్‌లాటర్న్ చుట్టుపక్కల ఫుట్‌బాల్ ఆటగాడు మిరోస్లావ్ క్లోజె పేరు వచ్చాక ఇక వాదన ఉండదు.

ఆ రాత్రి గదికి వచ్చి ఆ గోల్ చూశాను. 2012 సెప్టెంబరు 26, ఇటలీలోని నేపుల్స్‌లో నాపోలి జట్టుతో క్లోజె జట్టు లాజియో ఆడుతోంది. మ్యాచ్ మొదలై కొద్ది నిమిషాలే అయింది. కార్నర్ నుంచి వచ్చిన బంతి క్లోజె చేతికి తగిలి వలలో పడింది. రిఫరీ గోల్ ఇచ్చాడు. నాపోలి ఆటగాళ్లు చుట్టుముట్టారు. చేయి తగిలిందని క్లోజె రిఫరీతో చెప్పాడు, గోల్ రద్దయింది. ఆ మ్యాచ్ లాజియో 3-0 తేడాతో ఓడిపోయింది. అంతకుముందు 2005లో జర్మన్ జట్టు బ్రెమెన్‌కు ఆడుతున్నప్పుడు కూడా, బీలెఫెల్డ్ జట్టు మీద తనకు దక్కిన పెనాల్టీ సరైనది కాదని తానే చెప్పాడు.

చేతులెత్తి మొక్కాలనిపించింది. అయినా ఫోర్‌మన్ అన్న ఆ "మా" మాత్రం ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. క్లోజె పుట్టింది పోలండ్‌లోని ఓపోలెలో. తండ్రి వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడు, తల్లి పోలండ్ జాతీయ హ్యాండ్‌బాల్ జట్టు క్రీడాకారిణి. ఎనిమిదేళ్ల వయసులో ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న కూసెల్‌కు వచ్చినప్పుడు అతనికి వచ్చిన జర్మన్ మాటలు రెండే: అవును, ధన్యవాదాలు. వడ్రంగం నేర్చుకుంటూ, ఏడో అంచె లీగ్‌లో ఒక పల్లెటూరి జట్టుకు ఆడాడు. ఇరవై ఒకటో ఏట గానీ జర్మనీ అగ్రశ్రేణి లీగ్ బుండెస్‌లీగాలో అడుగు పెట్టలేదు. 2002 ప్రపంచకప్‌లో ఐదు గోల్స్ కొట్టాడు, ఐదూ తలతోనే. 2014లో బ్రెజిల్ మీద ప్రపంచకప్‌లలో తన పదహారో గోల్ కొట్టి బ్రెజిల్ ఆటగాడు రొనాల్డో రికార్డు దాటాడు. జర్మనీ తరఫున 137 మ్యాచ్‌లు, 71 గోల్స్. ఇన్ని చేశాక ఎవరైనా "మా వాడు" అంటారు. రెండు మాటలతో బడిలో కూర్చున్న పిల్లవాడిని కూడా ఎవరైనా అలా అన్నారా? ఇది ఫోర్‌మన్‌ను అడగాలని ఉంది.

ఇంకో మాట కూడా నాలుక చివరి దాకా వచ్చింది. నేపుల్స్‌లో ఆ రోజు క్లోజె వయసు ముప్పై నాలుగు. నిజం చెప్పినందుకు అతని కొలువు పోదు. నాకు ప్రొబేషన్ ఇంకా రెండు నెలలు మిగిలి ఉంది. కొలువు పోతే వీసా సంగతి ఏమవుతుందో విదేశంలో ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

కానీ ఈ వాదన నా దగ్గరే నిలవడం లేదు. గోల్ పోగొట్టుకున్నది అతను ఒక్కడే కాదు, జట్టంతా. సొంత జట్టువాళ్ల మొహాలు చూస్తూ, పరాయి స్టేడియంలో మిగతా ఆటంతా ఆడాలి. పన్నెండు బుష్‌ల బరువు అంత ఉండదు.

నిజానికి నేను దాచలేదు, చెప్పలేకపోయాను. ఆఫ్‌సెట్ ఎలా తప్పిందో జర్మన్‌లో మనసులోనే వాక్యం కూర్చుకుంటున్నాను. క్రియ చివరికి చేరేలోపు ఆయనే వచ్చేశాడు. మన దగ్గరైతే ఏ పెద్దాయనో పక్కకు పిలిచి, భుజం మీద చేయి వేసి అడిగేవాడు. అప్పుడు నాకూ మాట పెగిలేది. ఇక్కడ గట్టిగా అడిగినవాడే కాఫీ తెచ్చి ఇచ్చాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మందలించిన గొంతును ఇంకా మరిచిపోలేదు. ఆ కాఫీ వేడినీ మరిచిపోలేదు.

గురువారం మళ్లీ కొలత తప్పింది. ఈసారి మొదటి బుష్‌కే తెలిసింది. యంత్రం ఆపి, బుష్ గుప్పిట్లో పెట్టుకుని ఆయన బల్ల దగ్గరికి నడిచాను. వాక్యం ఇంకా కుదరలేదు. "తప్పు. నేను." అన్నాను, రెండే మాటలు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, పక్కనున్న కుర్చీ నా వైపు జరిపి, మైక్రోమీటర్ ఇమ్మని చేయి చాపాడు.