తెల్ల పిల్లి తెల్లగా రావడానికి నాలుగు వారాలు

నా డార్క్‌రూమ్‌లో, అంటే ఫిల్మ్ ఫోటోలు ప్రింటు తీసుకునే చీకటి గదిలో, ప్రింటు ఎందుకు మాసిపోతోందో మొత్తానికి దొరికింది. నాలుగు వారాలు పట్టింది. నలభై షీట్ల దాకా పేపర్ పోయింది, బాగున్న డెవలపర్‌ని (పేపర్ మీద బొమ్మని తేల్చే ద్రావణం) అనుమానంతో పారబోశా, ఏ పాపమూ ఎరగని లెన్స్‌ని విప్పి చూశా. తీరా చూస్తే దొంగ నా నెత్తి మీదే వేలాడుతున్నాడు. నెత్తి మీద అంటే మాటవరసకి కాదు, నిజంగానే.

ముందు గది ఎంతవరకు వచ్చిందో రాసేస్తా. 2.4 × 1.6 మీటర్ల గది, ఒక గోడకి పేపర్‌కి వెలుతురు తగిలించే పొడి బల్ల, ఎదురు గోడకి ద్రావణాల ట్రేలు ఉండే తడి బల్ల. ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించా, ఫిక్సర్ (తేలిన బొమ్మని నిలబెట్టే ద్రావణం) వాసన తగ్గింది. తలుపు కింద సందుకి నల్ల ఫెల్టు అంటించా. ఎన్లార్జర్ (నెగటివ్‌ని పెద్దది చేసి పేపర్ మీద వేసే యంత్రం) డర్స్ట్ ఎం605, లెవెల్ చేశాక నాలుగు మూలల్లోనూ ఫిల్మ్ గ్రెయిన్ (రేణువులు) పదునుగా కనిపిస్తోంది. ఇవన్నీ మొదటిసారికే కుదిరాయి కాబట్టి వీటి గురించి ఇంతే.

కుదరనిది పిల్లి. కిటికీ గట్టు మీద ఎండలో పడుకున్న తెల్ల పిల్లి, 35 ఎం.ఎం. నెగటివ్. మూడు నెలల కిందట, గది ఇంకా సగంలో ఉన్నప్పుడు, ఇదే నెగటివ్‌తో 8×10 అంగుళాల ప్రింటు ఒకటి తీశా. గ్రేడ్ 2½, ఎఫ్ 8, 11 సెకన్లు. (గ్రేడ్ అంటే కాంట్రాస్ట్, నలుపు తెలుపుల తేడా ఎంత ఉండాలో చెప్పే అంకె; ఎఫ్ అంటే లెన్స్ ఎంత తెరిచామో.) మీసాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా వచ్చాయి. గోడకి అంటించుకున్నా. గది పూర్తయ్యాక అదే నెగటివ్, అదే ఎత్తు, అవే సెట్టింగ్‌లతో మళ్లీ తీస్తే తెల్ల పిల్లి కాస్తా బూడిద పిల్లి అయిపోయింది. బొచ్చులో వివరం ఉంది, కానీ దాని మీద ఎవరో పలచగా పెన్సిల్ రుద్దినట్టు ఉంది. నలుపులు బాగానే ఉన్నాయి. విచిత్రం ఏంటంటే చుట్టూ బోర్డరు మాత్రం తళతళలాడుతోంది. నన్ను అన్నిటికంటే ఎక్కువ దారి తప్పించింది ఆ బోర్డరే. ఫాగ్ (అక్కర్లేని వెలుతురు వల్లో కెమికల్ వల్లో పేపర్ మాసిపోవడం) అయితే బోర్డరుకీ రావాలి కదా అని గట్టిగా నమ్మేశా.

అందుకే మొదట కాంట్రాస్ట్ మీద పడ్డా. ఎక్స్‌పోజర్ 9 సెకన్లకి తగ్గిస్తే మెడ దగ్గరి నీడలు నీరసపడ్డాయి, పిల్లి మాత్రం మారలేదు. గ్రేడ్ 4 పెట్టి టైము రెట్టింపు చేశా. పిల్లి కొంచెం తేరుకుంది, కిటికీ చెక్క బొగ్గులా అయిపోయింది. 2½లో చక్కగా వచ్చిన నెగటివ్‌కి ఇప్పుడు 4 ఎందుకు కావాలి?

తర్వాత లెన్స్. ఎల్-నిక్కోర్ 50 ఎం.ఎం. ఎఫ్ 2.8. లెన్స్ లోపల పొర కడితే నల్లగా పడాల్సిన చోట్ల వెలుతురు చెదిరి, తెల్లగా ఉండాల్సిన చోట్లకి పాకుతుంది. లక్షణాలు సరిగ్గా ఇవే. టార్చి వేసి చూస్తే వెనక గాజు మీద సన్నటి మసక కనిపించింది. సంబరపడిపోయి విప్పి తుడిచి బిగించా. ప్రింటులో తేడా సున్నా. మాటల్లో మాట, ఈ లెన్స్ ఎఫ్ 2.8 దగ్గర ఫోకస్ చేసుకోవడానికే, ప్రింటు మాత్రం ఎఫ్ 8లోనే తీయాలి. కాంపోనాన్-ఎస్ అనే లెన్స్ దీనికంటే మేలని వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు. 8×10 సైజులో ఆ తేడా కంటితో పట్టేవాళ్లు నాకింకా తగల్లేదు.

తర్వాత కెమికల్స్. ఇల్‌ఫోర్డ్ మల్టీగ్రేడ్ డెవలపర్ 1+9 (ఒక పాలు డెవలపర్, తొమ్మిది పాళ్లు నీళ్లు), 20 డిగ్రీలు, ఒక నిమిషం. కొత్తగా కలిపా, అదే ఫలితం. 45 సెకన్లు, 90 సెకన్లు కూడా చేసి చూశా, అదే బూడిద. వాడని షీటు నుంచి రెండు ముక్కలు కోసి ఒకటి నేరుగా ఫిక్సర్‌లో వేశా, రెండోది డెవలప్ చేసి ఫిక్స్ చేశా. ఆరాక పక్కపక్కన పెడితే రెండూ ఒకే తెలుపు. అంటే పేపర్ పాతబడలేదు, డెవలపర్ ఫాగ్ చేయట్లేదు. అలా అని నోట్‌బుక్‌లో రాసి కింద రెండు గీతలు కూడా గీశా.

మిగిలింది సేఫ్‌లైట్, అంటే పేపర్ పాడవకుండా పని చేసుకోవడానికి పెట్టే దీపం. ఎర్ర ఎల్ఈడీ బల్బు, తడి బల్ల పైన, ట్రేలకి 1.3 మీటర్ల ఎత్తులో. దాని వెలుతురుని సీడీ వెనకవైపు పడేలా పట్టుకుని చూశా. సీడీ వెలుతురుని రంగులుగా విడదీస్తుంది. ఎరుపు పట్టీ ఒక్కటే ఉంది, పేపర్‌ని పాడు చేసే ఆకుపచ్చ, నీలం ఏమీ లేవు. ఈ పరీక్ష చేయకుండా ఎర్ర బల్బు ఏదీ గదిలో పెట్టకండి. నేను మొదట తెచ్చిన బల్బు కంటికి ఎర్రగానే ఉంది, సీడీలో చూస్తే నీలం గీత కనబడింది. లోపల నీలం చిప్ పెట్టి పైన ఎర్ర ఫాస్ఫర్ పూసే రకం బల్బులు ఉంటాయి. కంటిని మోసం చేస్తాయి కానీ మల్టీగ్రేడ్ పేపర్‌ని (ఒకే పేపర్ మీద అన్ని గ్రేడ్లూ ఇచ్చే రకం) మోసం చేయలేవు.

నాణెం పరీక్ష కూడా చేశా. వాడని పేపర్ మీద నాణెం పెట్టి సేఫ్‌లైట్ కింద పది నిమిషాలు ఉంచి డెవలప్ చేస్తే పేపరంతా తెలుపే, నాణెం మచ్చ లేదు. సేఫ్‌లైట్ నిర్దోషి అని తేల్చేశా. ఇక్కడే రెండు వారాలు పోయాయి.

తప్పు ఎక్కడంటే, ఆ పరీక్ష నేను చేసిన తీరులో. వెండి లవణపు రేణువు డెవలప్ కావాలంటే దానికి కనీసం ఇంత అని వెలుతురు తగలాలి. అంతకంటే తక్కువ తగిలితే తగిలినట్టే కనబడదు. ఖాళీ గిన్నెలో నాలుగు చుక్కలు వేస్తే ఎవరికి తెలుస్తుంది? అంచు దాకా నిండిన గిన్నెలో అవే నాలుగు చుక్కలు వేస్తే పొర్లిపోతుంది. బోర్డరు ఖాళీ గిన్నె. పిల్లి బొచ్చు పడే చోటు ఎన్లార్జర్ వెలుతురుతో అప్పటికే అంచు దాకా నిండిన గిన్నె. అందుకే బోర్డరు తెల్లగా ఉండి పిల్లి మాసిపోతోంది. పేపర్‌కి ముందే కొంచెం వెలుతురు తగిలించి, ఆ తర్వాత నాణెం పెట్టాలని కొడాక్ వాళ్లు ఎప్పుడో చెప్పారు. నేనూ చదివా. చదివి, అంత అవసరం లేదులే అనుకున్నా.

ఈసారి పద్ధతిగా చేశా. నెగటివ్ తీసేసి, లెన్స్ ఎఫ్ 16, ఒక్కో సెకను పెంచుకుంటూ టెస్ట్ స్ట్రిప్ (ఒకే పేపర్ ముక్క మీద వరసగా వేర్వేరు టైములు) తీశా. నాలుగో సెకను దగ్గర బూడిద ఛాయ మొదలైంది. అందుకని ముక్కలన్నిటికీ 5 సెకన్లు తగిలించి, ఒక్కోదాని మీద నాణెం పెట్టి 1, 2, 4, 8, 16 నిమిషాలు ఉంచా. పొడి బల్ల మీద ఒక వరస, తడి బల్ల మీద ఇంకో వరస.

పొడి బల్ల: 2 నిమిషాలకి నాణెం ఛాయ, వంచి చూస్తే గానీ కనబడనంత. 4 నిమిషాలకి స్పష్టమైన గుండ్రటి మచ్చ. 16కి నాణెం చుట్టూ ముదురు బూడిద.

తడి బల్ల: 4 వరకు ఏమీ లేదు. 8కి లీలగా. 16కి స్పష్టంగా.

ఇది చూసి కాసేపు బుర్ర పనిచేయలేదు. సేఫ్‌లైట్ ఉన్నది తడి బల్ల మీద, పొడి బల్లకి 2.2 మీటర్ల దూరంలో. దూరాల వర్గాల లెక్కన పొడి బల్ల మీద పడే వెలుతురు దాదాపు మూడో వంతే ఉండాలి. అలాంటిది అక్కడే ఫాగ్ ఎక్కువ. ఎన్లార్జర్ తల నుంచి లీకు అనుకుందామంటే, పరీక్ష సేపంతా ఎన్లార్జర్ ఆఫ్‌లోనే ఉంది. తలుపు సందు అనుకుందామంటే, చేసింది రాత్రి, బయట గదిలో లైటు లేదు.

సరే, సేఫ్‌లైట్ కూడా ఆపేసి పొడి బల్ల మీద ఇంకోసారి 8 నిమిషాలు చేద్దామనుకున్నా. అన్నీ ఆపేసి స్టూలు మీద కూర్చున్నా. చేసేదేమీ లేక, ఆరో నిమిషమో ఏడో నిమిషమో మెడ నొప్పిగా ఉందని తల పైకెత్తా.

బల్బు కనబడుతోంది.

వెలుగుతోంది అనలేను. సేఫ్‌లైట్ కాదు, మామూలు తెల్ల ఎల్ఈడీ బల్బు, పొడి బల్లకి 1.1 మీటర్ల పైన గోడకి ఉన్నది. మబ్బు వెనక చంద్రుడిలా, నేరుగా చూస్తే మాయమై పక్కకి చూస్తే కనబడేంత. స్విచ్ ఆఫ్‌లోనే ఉంది, రెండుసార్లు తడిమి చూశా. ఫోన్‌లోని లక్స్ మీటర్ యాప్ సున్నా చూపించింది, ఆ యాప్‌లు ఇలాంటి పనికి దండగ. డిజిటల్ కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి ఐఎస్ఓ 6400, ఎఫ్ 2.8, 30 సెకన్లు తీస్తే గోడ మీద ఎన్లార్జర్ నీడతో సహా వచ్చింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

కారణం స్విచ్‌లో ఉంది. అది చీకట్లో స్విచ్ ఎక్కడుందో తెలియడానికి చిన్న ఇండికేటర్ ఉండే రకం. బల్బు ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆ ఇండికేటర్ వెలగడానికి కావాల్సిన కాస్త కరెంటు బల్బు గుండానే పోతుంది. ఫిలమెంట్ బల్బుకి ఆ కరెంటు ఏ మూలకీ చాలదు, అది చల్లగా, నల్లగా ఉంటుంది. ఎల్ఈడీకి మాత్రం అదే ఎక్కువ. ఇందులో నా తెలివి ఇంకోటుంది. ఇండికేటర్ వెలుతురు పేపర్ మీద పడుతుందేమోనని మొదటి రోజే దాని మీద నల్ల టేపు అంటించా! టేపుతో వెలుతురు ఆగింది, కరెంటు ఆగలేదు.

మూడు నెలల కిందటి ప్రింటు బాగా వచ్చింది ఎందుకంటే అప్పుడక్కడ ఫిలమెంట్ బల్బు ఉండేది. అది మాడిపోతే ఎల్ఈడీ పెట్టా. గదిలోకి బయటి వెలుతురు వస్తోందా అని చీకట్లో పావుగంట కూర్చుని చూసింది కూడా పాత బల్బు ఉన్నప్పుడే, మార్చాక మళ్లీ కూర్చోలేదు. నా నోట్‌బుక్‌లో ప్రతి సెషన్‌కీ ఉష్ణోగ్రత, డెవలపర్ కలిపిన తేదీ, ఎన్ని షీట్లు ముంచానో ఆ లెక్క, అన్నీ ఉన్నాయి. బల్బు మార్చిన సంగతి ఒక్కటే లేదు. మామూలు పనిలో సేఫ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి కంటికి ఈ మసక వెలుతురు అందే అవకాశమే లేదు. పేపర్ బయటికి తీయడం, ఈజిల్‌లో (పేపర్‌ని పట్టి ఉంచే ఫ్రేము) సర్దడం, ఎక్స్‌పోజ్ చేయడం, మూలలు బర్న్ చేయడం (అక్కడ మాత్రం ఇంకాస్త వెలుతురు తగిలించడం), అన్నీ కలిపి నాకు 4 నిమిషాలు పడుతుంది. సరిగ్గా నాణెం మచ్చ తేలిన 4 నిమిషాలు.

బల్బు విప్పేసి పరీక్షంతా మళ్లీ చేశా, ఈసారి సేఫ్‌లైట్ ఆన్‌లో పెట్టి. పొడి బల్ల మీద 16 నిమిషాలకీ ఏమీ లేదు. తడి బల్ల మీద 16కి లీలగా ఉందేమో అన్నంత, 8కి శుభ్రం. కాబట్టి నా గదికి గడువు 8 నిమిషాలు, గోడ మీద రాసి పెట్టుకున్నా. ఆ రాత్రే పిల్లి ప్రింటు తీశా: గ్రేడ్ 2½, ఎఫ్ 8, 11 సెకన్లు. వచ్చింది.

స్విచ్ మార్చేశా, ఇండికేటర్ లేనిది పెట్టా. బల్బుకి సమాంతరంగా చిన్న కెపాసిటర్ కట్టినా సరిపోతుందంటారు, కానీ ప్రతి ముక్కా పాడయ్యే పనిలో అలాంటి సర్దుబాట్లు నాకు ఇష్టం లేదు. ఎన్లార్జర్‌లోని 75 వాట్ల ఒపాల్ (పాల గాజు) బల్బు తీసి ఎల్ఈడీ పెడదామని ఒక ఆలోచన ఉండేది, వేడి తగ్గుతుందని. అదీ మానుకున్నా. తెల్ల ఎల్ఈడీలో మల్టీగ్రేడ్‌కి కావాల్సిన ముదురు నీలం తక్కువై పై గ్రేడ్లు మెత్తబడొచ్చన్నది ఒక భయం. ఎన్లార్జర్‌ని ఆన్, ఆఫ్ చేసే టైమర్ రిలేకి అడ్డంగా స్నబ్బర్ (నిప్పురవ్వలు ఆపే చిన్న సర్క్యూట్) ఉంటే ఆఫ్‌లో ఉన్నప్పుడు దాని గుండా ఇదే కథ మళ్లీ మొదలవుతుందన్నది రెండో భయం.

ఇక ఫైబర్ పేపర్, అంటే ప్లాస్టిక్ పూత లేని పేపర్. మల్టీగ్రేడ్ ఎఫ్‌బీ క్లాసిక్ డబ్బా తెచ్చి నెలయింది, ఈ గొడవ తేలక సీలు విప్పలేదు. డెవలపర్‌లో రెండు నిమిషాలు ఉండాలి, అంటే 8 నిమిషాల గడువులో మిగిలేది ఆరు, చాలు. కడగడానికి నిలువు వాషర్ ఇంకా లేదు. ప్రస్తుతానికి ఐదు నిమిషాలు నీళ్లు, పది నిమిషాలు వాష్‌ఎయిడ్ (ఫిక్సర్‌ని త్వరగా వదిలించే ద్రావణం), మళ్లీ ఐదు నిమిషాలు నీళ్లు, ట్రేలోనే. ఆరబెట్టడానికి గాజు పలక, గమ్ టేపు సిద్ధంగా ఉన్నాయి. మొదటి షీటు మాత్రం టేపు లేకుండా వదిలేసి ఎంత వంకర తిరుగుతుందో స్కేలు పెట్టి కొలుస్తా.

నెగటివ్ మళ్లీ ఆ పిల్లిదే. ఫైబర్ పేపర్ ఆరాక తెలుపులు కొంచెం దిగుతాయి కాబట్టి ఒక స్ట్రిప్ 10 సెకన్లకి, ఒకటి 10½కి, ఒకటి 11కి తీస్తా. ఆరాక మీసాలు మసకబారితే అది డ్రై-డౌన్ అని నోట్‌బుక్‌లో ఇప్పుడే రాసి పెట్టుకున్నా, లేకపోతే అర్ధరాత్రి మళ్లీ బల్బు విప్పుతూ కూర్చుంటా.