పుష్యమి కార్తెలో కనబడని గెలాక్సీ

రాత్రి పన్నెండు దాటింది. గాలిలో తేమ 84 శాతం. 90 దాటితే టెలిస్కోపు గోపురం మూసేయాలి, అందులో మొహమాటాలు ఉండవు. ఒక కంట ఆ అంకెను, ఇంకో కంట తెర మీద పడుతున్న ఫోటోను చూస్తూ కూర్చున్నాను.

నేనుండేది లా పామాలో. స్పెయిన్ వాళ్ల కానరీ దీవుల్లో ఒకటి, ఆఫ్రికాకు పడమట అట్లాంటిక్‌లో ఉంటుంది. రోకే దె లోస్ ముచాచోస్ అనే ఈ కొండ ఎత్తు 2,426 మీటర్లు. చాలా రాత్రులు మబ్బులు మాకన్నా కిందే ఆగిపోతాయి. వీధి దీపాల వెలుగు ఆకాశంలోకి చిమ్మకుండా 1988లోనే ఇక్కడ చట్టం చేశారు. 10.4 మీటర్ల గ్రాన్ టెలిస్కోపియో కనారియాస్ ఉన్నదీ ఈ కొండ మీదే. మాది చిన్నది. దాన్ని నడపడం, వచ్చిన ఫోటోలు సరిచూడడం నా ఉద్యోగం. రాత్రి పని, పగలు నిద్ర. మధ్యలో ఆకలేస్తే పాలల్లో గోఫియో కలుపుకుని తాగుతాను. వేయించిన గింజల పిండి అది. మొదటిసారి వాసన చూసినప్పుడు మా అమ్మమ్మ విసిరే పేలపిండి గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

ఈ రాత్రి చూస్తున్నది ఓజే 287ని. సుమారు 350 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీ నడిబొడ్డు అది. అక్కడి భారీ కృష్ణబిలంలోకి పడే పదార్థం విపరీతంగా వేడెక్కి వెలుగుతుంది, దాన్నుంచి ఒక ధార దాదాపు మన వైపే చిమ్ముతోంది. ఇలాంటివాటిని బ్లాజార్లంటారు. వీటి వెలుగు నిలకడగా ఉండదు. ఒక్కోసారి నెలల్లో, ఒక్కోసారి ఒకే రాత్రిలో మారిపోతుంది. అంత తొందరగా మారుతోందంటే ఆ వెలుగు వచ్చే చోటు చాలా చిన్నదై ఉండాలి. ఎంత పెద్ద టెలిస్కోపూ విడదీసి చూపలేని చోటును, వెలుగు హెచ్చుతగ్గులు కొలిచి అంచనా కడతాం. ఈ పని మీద నాకున్న మోజంతా అక్కడే.

తెర మీద చూస్తే మాత్రం ఒక చుక్క, అంతే. వెలుగును మేం మాగ్నిట్యూడ్ అనే అంకెతో కొలుస్తాం, అంకె పెరిగేకొద్దీ మసక. 15 మాగ్నిట్యూడ్ దగ్గర ఉన్నప్పుడు, కంటికి ఆనే అతి మసక నక్షత్రం కంటే సుమారు నాలుగు వేల రెట్లు మసక. దాని పక్కనే వెలుగు మారని నక్షత్రాలు కొన్ని ఉన్నాయి. అవే మా తూకపు రాళ్లు. పల్చటి మబ్బు అడ్డొచ్చినా, సహారా దుమ్ము కమ్మినా అన్నీ కలిసే మసకబారతాయి కాబట్టి తేడా తేడాగానే మిగులుతుంది. అలా రాత్రికొక చుక్క గ్రాఫు మీద పెడతాం.

ఆ గ్రాఫు 19వ శతాబ్దం చివరి నాటి ఫోటో ప్లేట్ల దగ్గర మొదలవుతుంది. ఎవరో వేరే దేనికోసమో తీసిన ప్లేట్లలో ఇదీ పడింది. వాటిని కలిపి చూసి, సుమారు 12 ఏళ్లకోసారి ఇది పెద్దగా వెలుగుతోందని 1988లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు చెప్పారు. ఇంకో కృష్ణబిలం ఆ పెద్దదాని చుట్టూ తిరుగుతూ, దాని చుట్టూ పళ్లెంలా పరుచుకున్న పదార్థాన్ని చుట్టుకు రెండుసార్లు చీల్చుకుంటూ పోవడమే కారణమని ఒక లెక్క. అందరూ ఒప్పుకోరు.

ఆకాశంలో ఇది పుష్యమి నక్షత్రానికి కొంచెం తూర్పున ఉంటుంది. మాది తణుకు దగ్గరి పల్లె. నాన్నకు ఫోన్‌లో ఆ మాట చెబితే, రైతు కదా, క్షణం ఆలోచించలేదు. "అయితే పుష్యమి కార్తెలో నీకు పని ఉండదన్నమాట" అన్నాడు.

నిజమే. జులై చివర, ఆగస్టు మొదట్లో సూర్యుడు అక్కడే ఉంటాడు, గెలాక్సీ పగటి వెలుగులో మునిగిపోతుంది. భూమ్మీది ఏ టెలిస్కోపూ దాన్ని సరిగా చూడలేదు. 2019 జులై 31న పెద్ద వెలుగు వస్తుందని ముంబయి టాటా పరిశోధన సంస్థ వాళ్లు కూడా కలిసి లెక్కగట్టినప్పుడు, సూర్యుడి అవతలి నుంచి చూడగల స్పిట్జర్ అనే అంతరిక్ష టెలిస్కోపు ఉండబట్టి దొరికింది. అనుకున్న సమయానికి నాలుగు గంటల తేడాలో వచ్చింది. 2020లో స్పిట్జర్‌ను ఆపేశారు.

మరుసటి వెలుగు 2022 అక్టోబరులో రావాలన్నారు. నేను ఉద్యోగంలో చేరాక అదే మొదటి పెద్ద ఎదురుచూపు. అంతకు ముందు ఏడాది చివర్లో ఈ దీవి మీదే అగ్నిపర్వతం పేలి, బూడిద భయానికి ఎన్నో రాత్రులు గోపురాలు మూసి కూర్చున్నాం. ఈసారి ఒక్క రాత్రి కూడా పోగొట్టుకోకూడదనుకున్నాం. అక్టోబరు వచ్చింది, పోయింది. వెలుగు రాలేదు. లెక్కే తప్పని, ఆ పెద్ద కృష్ణబిలం బరువు చెప్పినదానికన్నా చాలా తక్కువని కొందరన్నారు. కాదు, అది జులై, ఆగస్టుల్లోనే, ఎవరూ చూడలేని రోజుల్లో వచ్చి వెళ్లిపోయిందని ఇంకొందరు. ఆ రోజుల గ్రాఫు ఖాళీగానే ఉంది.

నాకు ఏటా ఇంటికి వెళ్లే వీలు ఆ రోజుల్లోనే. 2022లో రెసిడెన్స్ కార్డు గడువు అయిపోయింది. తిరిగొచ్చే అనుమతి కాగితం కోసం ఒక ఆఫీసులో అపాయింట్‌మెంట్ దొరకలేదు. టెన్షన్‌తో రోజూ పొద్దున్నే వెబ్‌సైట్ తెరిచి చూసేదాన్ని. కాగితం చేతికొచ్చేసరికి సెలవు అయిపోయింది. ఆ జులైలోనే నాన్న ఆఖరిసారి సొంతంగా నాట్లు వేయించాడు. ఆ తర్వాత మోకాళ్ల నొప్పులు భరించలేక పొలం కౌలుకిచ్చేశాడు. "నువ్వొచ్చుంటే గట్టు మీద కూర్చునేదానివమ్మా" అన్నాడు. ఒక్క ఫోటో కూడా తీయలేదట. ఎవరు తీస్తారు, అందరి చేతులూ బురదలోనే కదా.

తేమ 91. గోపురం మూశాను. ఐదు ఫోటోలకు మూడే మంచివి వచ్చాయి. మూడు చాలు, ఈ రాత్రికి చుక్క పెట్టొచ్చు.

కింద ఊళ్లో ఇంకా చీకటి. ఇండియాలో తెల్లారిపోయి ఉంటుంది. ఫోన్ చేశాను.

"ఏమ్మా, ఇవాళ కనబడిందా?"

"కనబడింది నాన్నా. నిన్నటికన్నా కొంచెం తగ్గింది."