పక్కూరి ముఖ్యమంత్రి, మా ఇంటి ట్రంకుపెట్టె

మూడు నాలుగేళ్ల కింద, సెక్రటేరియట్ పాత బిల్డింగులు కూల్చి కొత్తది కడుతున్న రోజుల్లో, ఆఫీసులన్నీ బీఆర్కే భవన్‌లో ఉండేవి కదా, అప్పుడు ఒక పని మీద అక్కడికి వెళ్లాను. గేటు దగ్గర నిలబడి ఉంటే నా పక్కన ఒకాయన ఫోన్లో "బీఆర్కే దగ్గరున్నా, బీఆర్కే" అని నాలుగుసార్లు చెప్పాడు. అవతలి మనిషి అడిగాడో ఏమో, "ఏమో అన్నా, ఎవరిదో పేరు" అన్నాడు. నాకు ఒక్కసారి మనసు చివుక్కుమంది. ఎందుకంటే ఆ పేరు మా పక్కూరాయనది, ఒకప్పటి హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావుది.

మాది షాద్‌నగర్ దగ్గర చిన్న ఊరు. 2016లో జిల్లాలు మార్చాక కాయితాల మీద రంగారెడ్డి అని రాస్తున్నాం గానీ, మా ఇంట్లో ఎవర్ని కదిలించినా పాలమూరోళ్లమనే చెప్తారు. బూర్గుల మా ఫరూఖ్‌నగర్ మండలంలోనే ఉంది. చిన్నప్పుడు అక్కడికి పెళ్లికి పోయినప్పుడు తాత ఊరి మొదట్లోనే ఆగి, "గీ ఊరాయననే హైదరాబాదును ఏలిండు" అన్నాడు. నాకప్పుడు ఏడెనిమిదేళ్లు, రాజేమో అనుకున్నాను.

రాజు కాదు, వకీలు. బూర్గుల రామకృష్ణారావు 1899లో కల్వకుర్తి వైపు పడకల్‌లో పుట్టారు, సొంతూరి పేరే ఇంటిపేరుగా నిలిచిపోయింది. పుణెలో ఫెర్గూసన్ కాలేజీ, బొంబాయిలో లా, ఆ తర్వాత హైదరాబాద్‌లో వకాల్తా. పి.వి.నరసింహారావు కొన్నాళ్లు ఆయన దగ్గరే జూనియర్‌గా పనిచేశారు. ఇవన్నీ పోటీపరీక్షల పుస్తకాల్లో దొరికే సంగతులే, తొందరగా దాటేస్తాను. నేను ఆగేది 1931 దగ్గర. ఆ ఏడాది నిజాం రాష్ట్రంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ రెండో సమావేశం మన నల్లగొండ జిల్లా దేవరకొండలో జరిగింది. అంతకుముందు ఏడాది జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు, దేవరకొండలో బూర్గుల. సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద సర్కారు పర్మిషన్ కావాల్సిన రోజులవి. తెలుగులో మాట్లాడటమే నామోషీ అనుకునే కాలంలో, ఉర్దూ ఫారసీ దంచికొట్టగల మనిషి దేవరకొండ దాకా వచ్చి తెలుగు సభకు అధ్యక్షత వహించాడంటే అది చిన్న విషయం కాదు నా లెక్కలో. 1936లో ఆ మహాసభ మా షాద్‌నగర్‌లోనే జరిగింది, అప్పుడు కొండా వెంకట రంగారెడ్డి అధ్యక్షులు. ఇప్పుడు షాద్‌నగర్‌లో ఆ సభ ఏ చోట జరిగిందో చూపించే మనిషి నాకు దొరకలేదు, చాలామందిని అడిగాను.

1952 ఎన్నికలు. హైదరాబాద్ అసెంబ్లీలో 175 సీట్లు, కాంగ్రెస్‌కు 93. బూర్గుల షాద్‌నగర్ నుంచి గెలిచి మార్చి 6న ముఖ్యమంత్రి అయ్యారు. నల్లగొండలో గాలి పూర్తిగా అటువైపు, పీడీఎఫ్ (పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డ కమ్యూనిస్టులకే ఓట్లు, లోక్‌సభకు నిలబడ్డ రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డది ఆ ఎన్నికల్లోనే. వనపర్తి నుంచి సురవరం గెలిచారు. ఆ సభను ఒక్కసారి ఊహించుకోండి. పదహారు జిల్లాలు, అందులో ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడవి. పబ్లిక్ గార్డెన్స్ పక్కన ఆ తెల్లటి బిల్డింగులో ఒకాయన ఉర్దూలో లేస్తే ఇంకొకాయన మరాఠీలో, ఇంకొకాయన తెలుగులో. ఎదురుగా ప్రతిపక్ష నాయకుడు వి.డి.దేశ్‌పాండే. పైన గవర్నర్ లాంటి రాజప్రముఖ్ పదవిలో ఇంకా నిజామే ఉన్నాడు. బూర్గులకు తెలుగు, ఉర్దూ, ఫారసీ, సంస్కృతం, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు అన్నీ వచ్చు. ఆయనకు పండితుడు అని పేరుంది, సంస్కృత స్తోత్రాలను తెలుగు చేశారు కూడా. కానీ ఆ భాషలు ఆయనకు అలంకారం కాదని నేననుకుంటాను. ఔరంగాబాద్ సభ్యుడికి, గుల్బర్గా సభ్యుడికి, నల్లగొండ సభ్యుడికి ఎవరి మాటలో వాళ్లకు జవాబు చెప్పగలిగినవాడే ఆ సభను నడపగలడు. వెనక పెద్ద ముఠా లేని మనిషి నాయకుడు కాగలిగాడంటే నాకు కనిపించే కారణం అదే.

ఇక ట్రంకుపెట్టె సంగతి.

మా ఇంట్లో పాత ఆకుపచ్చ ట్రంకుపెట్టె ఒకటి ఉంది, మూత తీస్తే కలరా ఉండల వాసన. దాంట్లో అడుగున విత్తనాల సంచి కత్తిరించి చుట్టిన ఒక కాయితం. నాలుగు మడతలు, మడత పడ్డచోటల్లా చిరిగి వెనక నుంచి అంబలితో అతికించిన ముక్కలు, తాసీల్దారు గుండ్రటి ముద్ర ఊదారంగు సిరాతో సగం అలికిపోయి ఉంటుంది, మధ్యలో చేత్తో రాసిన తాత పేరు, సర్వే నంబరు, 3 ఎకరాల 12 గుంటలు. 38-ఇ సర్టిఫికెట్ అంటారు దాన్ని. మా దిక్కు భూమి గొడవలు తెలిసినవాళ్లకు ఆ మాట చెప్తే చాలు, ఇంకేం వివరించక్కర్లేదు.

తెలియనివాళ్ల కోసం: 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. అప్పుడు ఎన్నికలు లేకుండా కేంద్రం పెట్టిన వెల్లోడి ప్రభుత్వం, బూర్గుల అందులో రెవెన్యూ మంత్రి. చట్టం చెప్పిన కాలంలో వరసగా ఆరేళ్లు భూమి దున్నినట్టు తేలితే ఆ మనిషి రక్షిత కౌలుదారు, దొర బుద్ధి పుట్టినప్పుడల్లా "పో" అంటే పోనక్కర్లేదు. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా 1954లో ఆ చట్టానికి సవరణ తెచ్చి 38-ఇ చేర్చారు, దానితో రక్షిత కౌలుదారుకు ఆ భూమి మీద యాజమాన్య హక్కే రావచ్చు. 1954-55లోనే ఏ భూమి ఎవరిది, ఎవరు దున్నుతున్నారు అని చెప్పే ఖాస్రా పహాణీ కూడా రాశారు, ఇప్పటికీ కోర్టులో భూమి కేసు నడిచిందంటే వకీలు మొదట అడిగేది అదే. తాత అనేవాడు, "కౌలోని పేరు గూడ సర్కారు బుక్కుల ఎక్కుతదని అప్పుడే తెల్సింది బిడ్డా" అని. పట్వారీ చావడి ముందు చెప్పులు విడిచి నిలబడి తన పేరు చదివించుకుని విన్నాడట, రెండుసార్లు.

అయితే చట్టం కాయితం మీద వచ్చిన రోజే అందరికీ మేలు జరిగిందని నేను చెప్పను, అది అబద్ధమవుతుంది. చట్టం వస్తోందని తెలిసి ముందే కౌలుదార్లను వెళ్లగొట్టినవాళ్లున్నారు, "ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నా" అని వేలిముద్రలు వేయించుకున్నవాళ్లున్నారు. మా తాత తమ్ముడు అట్లా వేలిముద్ర వేసి బొంబాయి పోయాడు, మళ్లీ రాలేదు. 38-ఇ తెలంగాణలో చాలాచోట్ల అమలైంది 1973 నుంచి, మా తాత చేతికి ఆ కాయితం వచ్చేసరికి 1975. అంటే సవరణకూ సర్టిఫికెట్‌కూ మధ్య ఇరవై ఏళ్లు. ఈ ఇరవై ఏళ్లలో ఎంతమంది ఓపిక చచ్చి చేతులెత్తేశారో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అయినా ఆ సెక్షన్ అంటూ పుస్తకంలో ఉండబట్టే మా తాత నిలబడ్డాడు.

ఆయన పాలన మీద ఒక మచ్చ కూడా ఉంది, దాచిపెట్టేది లేదు. 1952 సెప్టెంబర్‌లో ముల్కీ ఉద్యమం, ముల్కీ అంటే స్థానికుడు, స్థానికులకు రావాల్సిన ఉద్యోగాలు దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో బయటివాళ్లు ఎత్తుకుపోతున్నారని పిల్లలు రోడ్డెక్కితే సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ముఖ్యమంత్రి ఆయనే. కాబట్టి ఆ బాధ్యత ఆయనదే.

ఇంక అందరూ ఎత్తేది ఆంధ్రతో విలీనం. మా తరం వాళ్లలో బూర్గుల పేరు చెప్తే "ఆయనే కదా తెలంగాణను తీసుకుపోయి కలిపింది" అంటారు, ఉద్యమం రోజుల్లో నేనూ అన్నాను. తర్వాత చదివితే విషయం అంత సులువుగా లేదు. 1955లో రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా వేరుగానే ఉంచమంది, 1961 ఎన్నికల తర్వాత సభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపమంది. తెలంగాణలో ఎక్కువమంది విలీనం వద్దంటున్నారని ఢిల్లీకి చెప్పిన మనిషి బూర్గులే. అసెంబ్లీలో మాత్రం అభిప్రాయం చెప్పిన 147 మందిలో 103 మంది కలపమన్నారు, 29 మంది వద్దన్నారు, 15 మంది ఎటూ చెప్పలేదు. చివరికి 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం మీద ఆయనా సంతకం పెట్టారు. నాకైతే అక్కడే ఆయన మీద కోపం. జనం మనసు తెలిసినవాడు ఇంకొంచెం గట్టిగా నిలబడాల్సింది. కానీ ఆ సంతకంతో పోయింది ముందు ఆయన కుర్చీయే అన్నది కూడా నిజం. నవంబర్ 1న కొత్త రాష్ట్రం, సంజీవరెడ్డి ముఖ్యమంత్రి, బూర్గుల గవర్నర్‌గా కేరళకు. తెలంగాణకు ఇస్తామన్న ఉపముఖ్యమంత్రి పదవి కూడా మొదట్లోనే ఎగ్గొట్టారు.

కేరళలో ఉండగానే 1959లో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని కేంద్రం రద్దు చేసింది, గవర్నర్ రిపోర్టు ఈయనదే. తర్వాత యూపీ గవర్నర్, ఆ తర్వాత రాజ్యసభ, 1967లో చనిపోయారు.

ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆ కాయితాన్ని లామినేషన్ చేయిద్దామంటే నాయిన వద్దన్నాడు, కోర్టులో ఒరిజినల్ విప్పి చూపించాల్సి వస్తే ఎట్లా అని. మళ్లీ సంచి ముక్కలో చుట్టి పెట్టెలో పెట్టాడు. నాకు మాత్రం ఒక్కటి చూడాలని ఉంది: ఆ సవరణ మీద సభలో ఎవరేం మాట్లాడారో, మా పాలమూరు సభ్యుల్లో ఎవరు లేచారో, ఎవరు మెదలకుండా కూర్చున్నారో. హైదరాబాద్ అసెంబ్లీ చర్చల పాత సంపుటాలున్నాయి, ఉర్దూ చదవగల దోస్తు ఒకడు వస్తానన్నాడు. వచ్చే నెలలో రెండు రోజులు సెలవు పెట్టి కూర్చుంటాం.